గేదెలు, గుళ్ళు, గ్రహణం: పేస్టం ఒడ్డున నాలుగు రోజులు

మొన్న రాత్రే మ్యూనిక్‌కి తిరిగొచ్చాం, సూట్‌కేస్ దులిపితే ఇంకా ఇసక రాలుతోంది, మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నా.

అమ్మా నాన్నా మూణ్ణెల్లుగా మా దగ్గరే ఉన్నారు. ఊరెళ్ళే లోపు ఏం చూస్తారు అంటే నాన్న "నాకేం వద్దురా" అన్నాడు, అమ్మ మాత్రం "ఒకసారి సముద్రానికి తీసుకెళ్ళు" అంది. తెనాలి పక్క పల్లెటూరు మాది, సముద్రం అంటే అమ్మకి బాపట్ల దగ్గర సూర్యలంకే, కార్తీకమాసంలో బస్సు మాట్లాడుకుని వెళ్ళి మునిగి రావడమే. ఇటలీలో అందరూ వెళ్ళే అమాల్ఫీ వైపు చూస్తే రేట్లు అలా ఉన్నాయి, పైగా అన్నీ మెట్లు, అమ్మ మోకాళ్ళు ఒప్పుకోవు. మా ఆవిడ వెతికి వెతికి నేపుల్స్‌కి దక్షిణంగా, సలెర్నో కూడా దాటాక, పేస్టం అనే ఊరు పట్టింది. బల్లపరుపు నేల, చదునైన ఇసక బీచ్, దానికి ఒక రెండు కిలోమీటర్ల లోపలికి క్రీస్తుపూర్వం నాటి గ్రీకు గుళ్ళు మూడు. ఇటలీలో గ్రీకు గుళ్ళేంటి అనుకోకండి, దక్షిణ ఇటలీ అంతా ఒకప్పుడు గ్రీకులొచ్చి ఊళ్ళు కట్టుకున్న చోటే, ఈ ఊరికి వాళ్ళు పెట్టిన పేరు పొసైడోనియా, సముద్ర దేవుడి పేరు.

శనివారం, సెప్టెంబర్ 6

రూములో సామాన్లు పడేసి నేరుగా బీచ్‌కి బయల్దేరాం, అక్కడే దారి తప్పాం. తప్పు నాదే, మ్యాప్ చూపించిన దారి చుట్టు తిప్పుతోందని అడ్డదారిలో పోనిచ్చా. రెండు వైపులా ప్లాస్టిక్ కప్పిన గ్రీన్‌హౌసులు, లోపల రుకోలా ఆకు, ఈ సెలె మైదానం అంతా అదే పంట. తారురోడ్డు పోయి మట్టిరోడ్డు వచ్చింది, అదీ పోయి కాలవగట్టు వచ్చింది. మా ఆవిడ వెనక సీట్లోంచి నా వైపు చూస్తోందని అద్దంలో చూడకుండానే తెలుస్తోంది. ఇంతలో నాన్న కిటికీ దించి "ఆపు ఆపు, గేదెలున్నాయి ఇక్కడ" అన్నాడు. నాకేం కనపడలా. ఆయనకి వాసనొచ్చింది.

మలుపు తిరిగితే నిజంగానే పే...ద్ద షెడ్డు, నిండా నల్లటి గేదెలు. దాని ముందు తలపాగా కట్టుకుని, గమ్‌బూట్లు వేసుకుని ఒక సర్దార్జీ ట్రాక్టర్ కడుగుతున్నాడు! ఇటాలియన్‌లో దారి అడగాలని వాక్యం కట్టుకుంటున్నవాణ్ణి ఠక్కున నోరు మూసుకున్నా. ఈ ప్రాంతంలో గేదెల ఫారాల్లో చాలామంది పంజాబీలే పని చేస్తారని తర్వాత తెలిసింది.

నాన్నకి చిన్నప్పుడు హిందీ ప్రచార సభ వాళ్ళ పరీక్షలు రెండో మూడో రాసి పాసైన హిందీ ఉంది, యాభై ఏళ్ళుగా వాడని హిందీ. కారు దిగుతూనే "భాయ్ సాబ్, ఏ భైంస్ కిత్నా దూధ్ దేతా?" అన్నాడు. నమస్కారం లేదు, ఏ ఊరని లేదు. అతనూ ఏమీ అనుకోకుండా ఎనిమిది తొమ్మిది లీటర్లు అన్నాడు. నాన్న పెదవి విరిచి, మా ముర్రా గేదె పన్నెండిచ్చేది అన్నాడు. వెన్న ఎంత అంటే అతను ఎనిమిది శాతం అన్నాడు, అప్పుడు నాన్న కాసేపు మాట్లాడలా. మా ఊరి పాలకేంద్రంలో ఏడొస్తే ఆ రోజు పండగ.

అక్కడే ముప్పావు గంట. అతను జలంధర్ వైపు వాడట, వచ్చి పదకొండేళ్ళయిందట, పిల్లలు ఇటాలియన్ బడిలో చదువుతున్నారట. అమ్మకి ఇవేవీ భాషగా అర్థం కాకపోయినా దూడల దగ్గర నిలబడి ఒకదాని గంగడోలు గోకుతూ ఉండిపోయింది. బయల్దేరేటప్పుడు అతను మోజరెల్లా గురించి చెప్పాడు: పొద్దున్నే కొనండి, ఆ రోజే తినండి, ఫ్రిజ్‌లో పెడితే చచ్చిపోతుంది. బీచ్ దారి కూడా చెప్పాడు, నేను కాదన్న మ్యాప్ దారే అది.

బీచ్‌కీ రోడ్డుకీ మధ్య సరుగుడు తోటలాగా పైన్ చెట్ల తోపు, నేలంతా సూదుల్లాంటి ఎండు ఆకులు. తోపు దాటితే ఇసక. మెత్తగా, కొంచెం ముదురు గోధుమరంగు, వెడల్పుగా రెండు వైపులా కనుచూపు మేర. చాలా దూరం నడిచినా నీళ్ళు నడుము దాటవు. కొంత భాగం లీడోలనే ప్రైవేటు వాళ్ళది, వరసగా గొడుగులు, పడక కుర్చీలు, వాటికి డబ్బులు. మధ్యమధ్యలో స్పియాజా లిబెరా అని బోర్డుంటే అది అందరిదీ, దుప్పటి పరుచుకుని కూర్చోవచ్చు.

అమ్మ చీర కుచ్చిళ్ళు దగ్గరకి లాక్కుని నీళ్ళకి పది గజాల దూరంలో కూర్చుంది, ఎంత పిలిచినా దిగలా. "వాళ్ళందరూ అలా ఉంటే నాకు సిగ్గేస్తోందిరా" అంది. చుట్టూ బికినీల్లో ఉన్నవాళ్ళకి లేని సిగ్గు ఆరు గజాల చీరలో ఉన్న మనిషికి! కానీ సూర్యుడు దిగేటప్పుడు మాత్రం లేచి నిలబడింది. సూర్యలంకలో సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, ఇక్కడ సముద్రంలోకి పోతున్నాడు, అరవై రెండేళ్ళకి మొదటిసారి చూస్తున్నా అంది.

రాత్రి భోజనానికి వెళ్తే వంటిల్లు ఏడున్నరకి గాని తెరవరట. తిన్నాక బిల్లులో మనిషికి రెండు యూరోలు కొపెర్తో అని వేశారు, బ్రెడ్డుకీ బల్లకీ. నాన్న బిల్లు తిరగేసి "అంటే కూర్చున్నందుకా?" అన్నాడు. అవును నాన్నా, కూర్చున్నందుకే.

ఆదివారం, సెప్టెంబర్ 7

ఇటలీలో నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలన్నీ ఫ్రీ. మామూలుగా మనిషికి 15 యూరోలు, నలుగురికి అరవై మిగిలాయి. అందుకే జనం కూడా ఉన్నారు.

గుళ్ళ దగ్గరకి వెళ్ళాక అమ్మ మొదటి ప్రశ్న "దేవుడేడి?" లేడమ్మా, పోయి చాలా కాలమైంది. మూడు గుళ్ళకీ జనం వాడే పేర్లు మూడూ తప్పే, అదొక తమాషా. అన్నిటికన్నా పాతది, క్రీస్తుపూర్వం 550 ప్రాంతం నాటిది, బసిలికా అంటారు, ఎందుకంటే 18వ శతాబ్దంలో చూసినవాళ్ళు అది గుడి కాదు ఏదో సభామంటపం అనుకున్నారు. వాళ్ళ తప్పు కూడా లేదు, ముందువైపు తొమ్మిది స్తంభాలు, బేసి సంఖ్య, అంటే సరిగ్గా నడిమధ్యలో గుమ్మానికి అడ్డంగా స్తంభం. ఎదురుగా దేవుడు కనపడని గుడి ఎవరు కడతారు? కానీ అది హీరా దేవి గుడే. పక్కనే ఉన్న పెద్దదాన్ని నెప్ట్యూన్ గుడి అంటారు, అది ఎవరిదో పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. ఊరికి అవతలి చివరిది సెరీస్ గుడి అని పేరు, నిజానికి అథీనాది.

బసిలికా లోపలికి నడిచి వెళ్ళనిస్తారు. దగ్గరికెళ్ళి చూస్తే స్తంభాలు నిటారుగా లేవు, మధ్యలో పొట్టలా ఉబ్బి, పైకి వెళ్ళేకొద్దీ సన్నబడి, ఆ పైన ఉన్న రాతి దిమ్మె బరువుకి నలిగిన దిండులా అణిగి ఉంటుంది. బూజు రంగుకీ బెల్లం రంగుకీ మధ్య రాయి. పొద్దున ఎండలో బెల్లం వైపే. నాన్న ఒక స్తంభం చుట్టూ తిరిగి, చేత్తో కొలిచి, అతుకులు లెక్కపెట్టి, సున్నం లేకుండా పేర్చారు చూడు అన్నాడు. ఫొటో దిగమంటే మాత్రం ఎండగా ఉందన్నాడు.

మధ్యలో నేలలోకి సగం దిగిపోయిన చిన్న రాతి గది ఒకటుంది, పెంకుల కప్పుతో సహా. 1954లో దాన్ని తెరిస్తే లోపల కంచు పాత్రలు, వాటిలో గడ్డకట్టిన ముద్ద ఏదో ఉంది. తేనె అని కొందరు, కాదు కొవ్వు అని కొందరు డెబ్బై ఏళ్ళు వాదించుకున్నారు, 2025 జూలైలో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు పరీక్ష చేసి తేనే అని తేల్చారు. ఆ పాత్రలు మ్యూజియంలో ఉన్నాయి. అమ్మ అద్దాల పెట్టె ముందు నిలబడి "ఇవి బిందెలేరా" అంది. నిజమే, వాటిని హైడ్రియా అంటారు, నీళ్ళు తెచ్చుకునే బిందెలే, ఎత్తుకోడానికి పక్కల రెండు చెవులు, వంచడానికి వెనక ఒకటి. మన బిందెలకి ఆ మూడో చెవి ఎవరూ ఎందుకు పెట్టలేదో అని అమ్మకి దిగులు.

అదే మ్యూజియంలో ఇంకోటి, దానికోసమే చాలామంది వస్తారు. 1968లో ఊరి బయట దొరికిన సమాధి, ఐదు రాతి పలకలు, లోపలివైపున బొమ్మలు. రెండు పొడుగు గోడల మీద తాగుతూ పాడుతూ పడుకున్న మగవాళ్ళు, రెండు పొట్టి గోడల మీద నిలబడో నడుస్తూనో ఉన్న మనుషులు. మూత మీద ఒకే ఒక్క కుర్రాడు, ఒంటి మీద బట్టల్లేవు, ఎత్తైన గట్టు మీంచి నీళ్ళలోకి దూకుతున్నాడు. అటో చెట్టు ఇటో చెట్టు. అంతే. దాదాపు 2500 ఏళ్ళ కిందటి గ్రీకుల బొమ్మల్లో కుండల మీదవి కుప్పలుగా దొరికాయి గానీ ఇలా గోడ మీద వేసినవి దొరకడం చాలా అరుదు. దూకేది చావులోకి అని గైడు ఎవరికో చెప్తున్నాడు. నాన్న వినలేదు, ఆయనకి ఇంగ్లీషు అంత వేగంగా అందదు, కానీ చాలాసేపు నిలబడి చూసి, "వీడికి ఈతొచ్చు. తల పైకెత్తాడు చూడు, నీళ్ళు తగిలేదాకా దించడు, మేము లాకుల మీంచి కాలవలోకి ఇట్టాగే దూకేవాళ్ళం" అన్నాడు. తెనాలి కాలవల్లో మా నాన్న దూకేవాడని నాకప్పటిదాకా తెలీదు.

ఇక అసలు గొడవ. ఆ రోజు భాద్రపద పౌర్ణమి, చంద్రగ్రహణం. అమ్మ పొద్దుటినుంచీ లెక్కలేస్తోంది. ఇండియాలో రాత్రి తొమ్మిది యాభై ఏడుకి పట్టు, అంటే ఇక్కడ సాయంత్రం ఆరు ఇరవై ఏడు. అప్పటికి ఇక్కడ ఇంకా ఎండ, చంద్రుడే రాలేదు, మరి రాని చంద్రుడికి పట్టు ఉంటుందా? మా ఊరి పంతులు గారికి ఫోన్ చేసింది. ఆయన తిరుమలలోనే మధ్యాహ్నం నుంచి గుడి మూసేశారమ్మా, నువ్వు ఐదున్నరకల్లా తినేసి కూర్చో అన్నారు. ఇటలీలో ఐదున్నరకి భోజనం! మూడింటికి వంటిళ్ళు మూసేస్తే మళ్ళీ ఏడున్నరకే. గ్రహణం మొత్తం సరిగ్గా వాళ్ళు వంటిల్లు తెరిచే టైముకి పడింది.

అదృష్టం ఏంటంటే పొద్దున సర్దార్జీ మాట విని కిలో మోజరెల్లా కొన్నాం, పదహారు యూరోలు. ఐదింటికి పైన్ తోపులో దుప్పటి పరుచుకుని, కరకర బ్రెడ్డు, టమాటాలు, మోజరెల్లా, అమ్మ సూట్‌కేస్‌లోంచి ఆవకాయ సీసా. మోజరెల్లా ముద్ద కోయగానే లోపల్నించి పాలు కారాయి, కొంచెం ఉప్పగా, పైన పొర సాగుతూ, నమిలితే పళ్ళ మధ్య కీచుమంటుంది. మ్యూనిక్ సూపర్‌మార్కెట్‌లో దొరికే రబ్బరు బంతికీ దీనికీ పేరొక్కటే చుట్టం. ఆవకాయతో కలిపి తిన్నామని ఇటలీ వాళ్ళకి చెప్పకండి, కానీ తిని చూడండి. (శాకాహారులకి ఒక మాట, పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తో. ముందే తెలుసుకుంటే మంచిది.) తిన్నాక అమ్మ మిగిలిన ఆవకాయ సీసా మీద పెట్టడానికి దర్భ వెతికింది, దొరక్క ఇసకలో మొలిచిన ఏదో గడ్డిపరక తుంపి పెట్టింది. దర్భకి చుట్టమేలే అంది.

ఎనిమిదింటికి అమ్మని రూములో దించి, మేం ముగ్గురం గుళ్ళ పడమటి వైపు రోడ్డు మీద నిలబడ్డాం. గుళ్ళకి లైట్లేశారు. తూర్పున కొండలు, వాటి వెనకనుంచి చంద్రుడు ఎప్పుడొచ్చాడో తెలీనే లేదు, వెతికి వెతికి చూస్తే నెప్ట్యూన్ గుడికి కాస్త ఎడంగా, మసిబారిన రాగి చెంబు అడుగులా వేలాడుతున్నాడు. వెలుగు లేదు. దోమలు మాత్రం బోలెడు. ఒకప్పుడు ఈ మైదానమంతా చిత్తడి, మలేరియాకి జనం కొండెక్కిపోయి ఊరు పాడుబడింది, అందుకే గుళ్ళు కూల్చి రాళ్ళు మోసుకుపోయేవాళ్ళు పెద్దగా లేక మిగిలాయి అంటారు. ఆ దోమల వంశమంతా ఇంకా ఇక్కడే ఉంది. మా ఆవిడ ఓడోమాస్ ట్యూబు సగం ఖాళీ చేసింది.

తొమ్మిదిన్నరకి రూముకెళ్తే అమ్మ చీర మార్చుకుని తయారుగా కూర్చుంది. విడుపు స్నానం సముద్రంలో చెయ్యాలట. "నిన్న దిగమంటే దిగలేదుగా" అంటే "నిన్న గ్రహణం లేదుగా" అంది. పంతులు గారు చెప్పారట, గ్రహణంలో సముద్రస్నానం దొరకడం మాటలు కాదని. ఆ చీకట్లో తెలీని సముద్రం, నాకు గుండెల్లో దడ. పది నిమిషాల తక్కువ పదికి బీచ్‌లో ఉన్నాం. చంద్రుడికి చిన్న ముక్కే మిగిలింది, అదీ విడిపోతోంది, ఇసకంతా తెల్లబడుతోంది. అక్కడక్కడా చంద్రుణ్ణి చూడ్డానికొచ్చిన కుటుంబాలు. నేనో చెయ్యి, నాన్నో చెయ్యి పట్టుకుంటే అమ్మ మోకాళ్ళ లోతుకి వెళ్ళి, ముక్కు మూసుకుని, మూడు మునకలు వేసింది. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి, సెప్టెంబరులో ఈ సముద్రం అలాగే ఉంటుంది. మూడో మునకకి లేచి "బాపట్ల కన్నా ఉప్పగా ఉన్నాయి" అంది.

ఒడ్డున ఒక ముసలావిడ ఇదంతా చూస్తూ ఉంది, అమ్మ బయటికి రాగానే ఏమీ అడక్కుండా తన పెద్ద టవల్ తెచ్చి భుజాల మీద కప్పింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు, ఆవిడ ఇటాలియన్, అమ్మ తెలుగు. ట్రాన్స్‌లేటర్ తెరిచేలోపు అయిపోయింది. ఏమంది అంటే "మోకాళ్ళ నెప్పులు ఆవిడకీ ఉన్నాయట" అంది అమ్మ.

సోమవారం, సెప్టెంబర్ 8

నాన్న మాట తోసెయ్యలేక గేదెల ఫారం చూపించేవాళ్ళ దగ్గరకి వెళ్ళాం. ఇది మొన్నటి షెడ్డులా కాదు, షోకు. గేదెలకి రబ్బరు పరుపులు, ఒళ్ళు రుద్దుకోడానికి గుండ్రంగా తిరిగే బ్రష్‌లు, మెల్లగా సంగీతం. మెడలో పట్టీ, దాంట్లో చిప్. గేదె తనకి పాలు పిండించుకోవాలనిపించినప్పుడు తనే నడిచెళ్ళి రోబో ముందు నిలబడుతుంది, రోబో పొదుగు కడిగి గొట్టాలు తగిలిస్తుంది. నాన్న అనుమానం ఒకటే, దూడ లేకుండా, కుడితి లేకుండా గేదె ఎలా చేపుతోంది? గైడమ్మాయికి నేను 'చేపడం' ఇంగ్లీషులో చెప్పలేక చచ్చా. చివరికి అర్థమై, బ్రష్‌తో పొదుగు తుడవడమే చాలు, అలవాటైపోతుంది అంది. నాన్న నమ్మలేదు. ఒక గేదె పాలివ్వడం మొత్తం నిలబడి చూశాక నమ్మాడు.

మోజరెల్లా చేసే గది అద్దం అవతల. మరిగే నీళ్ళలో విరుగుడు ముద్ద సాగదీసి సాగదీసి, ఒకడు పట్టుకుంటే ఇంకొకడు బొటనవేలూ చూపుడువేలూ మధ్య నొక్కి పుటుక్కున తుంచుతాడు. తుంచడాన్ని వాళ్ళ భాషలో మొజారె అంటారు, పేరు అక్కణ్ణుంచే.

మధ్యాహ్నం లీడోలో ఒక గొడుగూ రెండు కుర్చీలూ ఇరవై యూరోలు పెట్టి తీసుకున్నాం. ముందువరసకి ఇంకో ఐదు అని కూర్చున్నాక చెప్పారు. ఇచ్చేశాం, ఎండలో వాదించే ఓపిక లేక.

సాయంత్రం కొండమీద మడోన్నా దెల్ గ్రనాతో చర్చికి. చేతిలో దానిమ్మపండు పట్టుకున్న మేరీమాత. కింద మ్యూజియంలో హీరా దేవి మట్టిబొమ్మల చేతిలో కూడా దానిమ్మపండే. అమ్మ రెండూ చూసింది కాబట్టి ఎవరూ చెప్పక్కర్లేకుండానే "ఆవిడే ఈవిడ" అని దణ్ణం పెట్టేసింది. చరిత్రకారులు కూడా ఇంచుమించు అదే అంటారు, కాకపోతే ఎక్కువ పేజీల్లో.

మంగళవారం, సెప్టెంబర్ 9

తెల్లారుఝామున నాన్నా నేనూ బీచ్‌లో నడిచాం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943లో సరిగ్గా ఇదే తేదీన ఇదే ఒడ్డున అమెరికా 36వ డివిజన్ సైనికులు చీకట్లో దిగారు. ఆ నెలలోనే గుడి స్తంభాల మధ్య బల్లలు వేసుకుని ఆఫీసు నడిపిన సైనికుల ఫొటో ఒకటి ఉంది, ఫోన్‌లో చూపించా. నాన్న "ఇంతకీ గుళ్ళకేం కాలేదుగా" అని, చొక్కా విప్పి నా చేతికిచ్చి, లుంగీ గోచీ పెట్టి నీళ్ళలోకి వెళ్ళిపోయాడు. అరవై ఎనిమిదేళ్ళు. బారలు వేసుకుంటూ చాలా దూరం వెళ్ళాడు. నేను చొక్కా పట్టుకుని ఒడ్డున అటూ ఇటూ తిరుగుతూ అరుస్తున్నా, నాకు ఈత రాదు.

పగలు దక్షిణంగా వేలియా అనే ఇంకో పాత గ్రీకు ఊరికి. గ్రీకు తత్వవేత్తలు పార్మెనిడీస్, జీనో ఇద్దరిదీ ఈ ఊరే, ముందు బయల్దేరిన తాబేలుని పరుగువీరుడు ఎకిలీజ్ ఎప్పటికీ దాటలేడని లెక్క చెప్పిన జీనో. కొండెక్కే దారిలో అమ్మ వెనక నడుస్తుంటే నాకు ఆ లెక్క బాగానే అర్థమైంది. పోర్తా రోసా అనే రాతి కమాను దాకా వెళ్ళలేక అమ్మా మా ఆవిడా నీడలో ఆగిపోయారు. కానీ కింద తిన్న లగానె ఎ చేచి గురించి చెప్పాలి: వెడల్పాటి పిండి పట్టీలు, కాబూలీ శనగలు, వెల్లుల్లి, ఆలివ్ నూనె, అంతే. గుడ్డు కూడా వెయ్యరు. ప్లేటు తొమ్మిది యూరోలు. అమ్మ ఇటలీలో పూర్తిగా తిన్న ప్లేటు ఇదొక్కటే, పోపు పడితే ఇంకా బాగుండేది అంటూ.

వస్తూ వస్తూ థర్మకోల్ డబ్బాలో రెండు కిలోల మోజరెల్లా కొన్నాం, నీళ్ళతో ఉంటుంది కాబట్టి చెకిన్ బ్యాగులోనే పెట్టాం.

నిన్న ఆఖరి ముద్ద తింటూ నాన్న ఊళ్ళో బాబాయికి ఫోన్ చేశాడు. గుళ్ళ గురించి ఒక ముక్క లేదు, సముద్రం గురించి లేదు. "రోబో పిండుతోందిరా, గేదే వెళ్ళి నిలబడుద్ది" అన్నాడు. అటునుంచి బాబాయి నవ్వు స్పీకర్ లేకుండానే వినపడింది. "సరే గానీ వెన్నెంతొస్తది?"

"ఎనిమిది."

"పో అన్నయ్యా, కబుర్లు చెప్పకు."

"తింటున్నారా ఇప్పుడు, నోట్లోనే ఉంది" అన్నాడు నాన్న.